ఐదువందల పన్నెండో తరం

గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు నా పెట్టెలో ఎర్ర కళ్ళ ఈగ ఒకటి కనిపించింది.

ఈ మాత్రానికే గుండెలు బాదుకోవాలా అని మీరు అనుకోవచ్చు. పండ్ల చుట్టూ ముసిరే చిన్న ఈగలకు కళ్ళు ఎర్రగానే ఉంటాయి కదా అని మా ఆయన కూడా అన్నారు. బయటి ఈగలకు ఉంటాయి. మా ఈగలకు ఉండకూడదు. వాటి కళ్ళు ముదురు గోధుమ రంగు, వయసు పైబడేకొద్దీ కాటుక నలుపు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ పెట్టెలో ఎర్ర కన్నన్నది లేదు. ఆ రోజు ఉంది. నా ముక్కుకు ఎదురుగా గాజు మీద కూర్చుని, తీరిగ్గా ముందుకాళ్ళు రుద్దుకుంటోంది.

నేను విశ్వవిద్యాలయంలో ఈగల గది చూసుకుంటాను. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. వాటికి జావ కాయడం, సీసాలు కడగడం, దూది బిరడాలు చుట్టడం, ఒక తరాన్ని పాత సీసాల్లోంచి కొత్త సీసాల్లోకి మార్చడం. ఆఫీసు గుమాస్తాలు నాకు ఈగలమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో ఒళ్ళు మండేది. రానురానూ అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని నా దారిన నేను పోవడం మొదలుపెట్టాను. చదివింది పదో తరగతి. అయినా ఈగ ఆడదో మగదో సీసా బయటినుంచే చెబుతాను. పెద్ద చదువులు చదివినవాళ్ళు దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసుకుని, ఔనంటారు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకునేరు, ఈ కథలో నా గొప్ప ఇక్కడితో అయిపోయింది.

ఈ ఈగల వంశాన్ని, మా మాటలో వరసను, మా పెద్ద మేడమ్ తన జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో మొదలుపెట్టారు. పద్ధతి తేలికే. ప్రతి తరంలోనూ ఈగలకు తిండి ఆపేసి నీళ్ళు మాత్రం ఇస్తాం. ముప్పాతిక వంతుకు పైగా చచ్చేదాకా ఆగి, మిగిలినవాటికి తిండి పెట్టి, వాటి పిల్లల్నే తర్వాతి తరంగా ఉంచుకుంటాం. మళ్ళీ ఆకలి, మళ్ళీ మిగిలినవాటి పిల్లలు. మామూలు ఈగ తిండి లేకుండా రెండు మూడు రోజులకు మించి బతకదు. మావి తొమ్మిదో రోజున కూడా గాజు మీద పాకుతుంటాయి. అది ఏ ఒక్క ఈగా కష్టపడి నేర్చుకున్న విద్య కాదు. ఆకలికి ఆగినవాటికి పిల్లలు కలిగాయి, ఆగలేనివాటికి కలగలేదు, అంతే. నేను చేరిన కొత్తలో పరిణామమంటే రాక్షసిబల్లుల కాలంలో జరిగి ముగిసిపోయిన సంగతి అనుకునేదాన్ని. మేడమ్ పెట్టె చూపించి, “ఇదుగో, ఇందులో మంగళవారం కూడా జరుగుతుంది” అన్నారు.

మొదట ఇలాంటివి మూడు వరసలు ఉండేవట. ఒకటి నేను రాకముందే బూజు పట్టి పోయింది. రెండోది ఒక ఎండాకాలం కరెంటు లేక, గది ఉడికిపోయి పోయింది. మిగిలింది ఇదొక్కటే. సూక్ష్మజీవులనైతే గడ్డకట్టించి దాచుకుంటారు, కావలసినప్పుడు లేపుకుంటారు. మా దగ్గర ఈగల్ని అలా దాచే వసతి లేదు. రోజూ బతికించుకుంటూ పోవడమే. కాపుదలకని విడిగా ఉంచుకునే సీసాలకు కిందటి నెల బూజు తగిలితే పారేశాం, ఈ తరం నుంచి మళ్ళీ పెట్టుకుందామనుకున్నాం. అంటే ఆ గురువారం నాటికి లోకం మొత్తంలో మా వరస ఆ ఒక్క పెట్టెలోనే ఉంది.

గోధుమ కన్ను మేడమ్ కావాలని పెట్టుకున్న గుర్తు. బయటి ఎర్ర కళ్ళ ఈగ లోపల దూరి జతకట్టిందంటే, దాని పిల్లలన్నిటికీ ఎర్ర కళ్ళే వస్తాయి, గోధుమ రంగు లోపల దాక్కుంటుంది. దొంగ పడ్డాడని అలా తెలుస్తుంది. తెలిసినా ఒరిగేదేమీ లేదు. ఆపాటికే తినీ తాగీ పెరిగిన రక్తం ఆకలికి ఆగే రక్తంలో కలిసిపోయి ఉంటుంది. ఒకసారి కలిసింది మళ్ళీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఆ పెట్టె మీద ఒక ఆడపిల్ల నాలుగేళ్ళ చదువు కూడా ఆధారపడి ఉంది. మా దగ్గర పరిశోధన చేస్తున్న ఆ అమ్మాయిని నేను కళ్ళద్దాల పిల్ల అంటాను. తను నన్ను పిన్నీ అంటుంది. ఐదువందల పన్నెండో తరం మీద ఆఖరి పరీక్ష చేస్తే పట్టా చేతికొస్తుంది. ఆ తరం గుడ్లు అప్పుడు పెట్టె అడుగున పెట్టిన పది సీసాల జావలో ఉన్నాయి.

ఇక నా ఘనకార్యం చెప్పాలి.

ఈగల గదిలోకి పండు తేకూడదు. ఆ మాట ఎర్ర అక్షరాలతో తలుపు మీద రాసింది నేనే. డీన్ గారు ఒకసారి ద్రాక్షపండ్ల సంచితో వస్తే, “సంచి బయట, తమరు లోపల” అన్నదాన్ని కూడా నేనే. అలాంటి నేను సోమవారం ఉదయం, ఆకలికి ఆగి మిగిలిన ఈగల్ని గుడ్లు పెట్టే పెట్టెలోకి మారుస్తూ, ఆ గదిలో నిలబడి అరటిపండు తిన్నాను. నాకు చక్కెర జబ్బు. ఆ ఉదయం మాత్ర వేసుకుని ఏమీ తినకుండా వచ్చాను. సగం పనిలో చేతులు వణికాయి, చెమట పట్టింది, కళ్ళ ముందు సీసాలు రెండేసి కనిపించాయి. ఈగలు సగం గొట్టంలో, సగం పెట్టెలో ఉన్నాయి. వదిలేసి బయటికి వెళ్ళబుద్ధి కాలేదు. సంచిలో ఉన్న పండు మూడు ముద్దల్లో మింగి, తొక్క కోటు జేబులో కుక్కుకుని, పని పూర్తి చేశాను. కంచే చేను మేయడమంటే అదే.

నాలుగో రోజున సీసాలు బయటికి తీద్దామని వెళితే ఎర్ర కళ్ళు.

వెంటనే కేకేయాల్సింది. వేయలేదు. ఆ దొంగ వెధవ ఏం చేస్తాడోనని పది నిమిషాలు చూస్తూ కూర్చున్నాను. వెధవ అనే ఎందుకన్నానంటే మగదే. మగ ఈగ ఆడదాని వెనక పడి, ఒక రెక్క చాచి వణికిస్తూ పాట పాడుతుంది. ఆ పాట మన చెవికి అందదు గానీ రెక్క ఆడడం కనిపిస్తుంది. వీడూ పాడాడు. మొదటి ఆడ ఈగ వెనక్కాళ్ళతో ఒక్క తాపు తన్నింది. రెండోదాని దగ్గరికి పోయాడు, అది రెక్కలు దులుపుకుని ఎగిరిపోయింది. మూడోది వీడు రెక్క చాచేలోపే ఇటు తిరిగి కూర్చుంది. మా ఆడ ఈగలు మరీ అంత పట్టుదల గలవి కావు, పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. నాకేదో అనుమానం వచ్చింది గానీ అప్పుడు భయం అనుమానం కంటే పెద్దది.

కళ్ళద్దాల పిల్లను పిలిచాను. పెట్టె దగ్గరికి వంగి చూసి, చూసినట్టే నేల మీద కూలబడింది.

“పిన్నీ, నాకు కనబడేది నిజమేనా?”

“నిజమే తల్లీ. లే. ముందు దాన్ని పట్టుకుందాం.”

ఈగల్ని పీల్చి పట్టే, మధ్యలో జాలీ ఉన్న రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క పీల్పుతో వాడిని పట్టేశాను. చెయ్యి వణకలేదు. వణకాల్సినప్పుడు వణకదు, వద్దన్నప్పుడు వణుకుతుంది నా చెయ్యి.

ఈలోగా ఆ పిల్ల మేడమ్‌ను తీసుకొచ్చింది. మేడమ్ అరవై దాటిన మనిషి, మెట్లు నెమ్మదిగా ఎక్కుతారు. ఆ రోజు రెండేసి మెట్లు ఎక్కి వచ్చారట. ఈగను ఐసు మీది గాజుపలక మీద వేయించి, అది మత్తుగా పడ్డాక మైక్రోస్కోపులోకి చూశారు. మేమిద్దరం ఆవిడ వీపు చూస్తూ నిలబడ్డాం. ఆ వీపు ఎంతకీ కదలదే!

“ఇలా రండి. ముందుకాళ్ళు చూడండి” అన్నారు చివరికి.

మగ ఈగ ముందుకాలి మీద నల్లటి ముళ్ళ వరస ఒకటి చిన్న దువ్వెనలా ఉంటుంది. మా జాతి ఈగకు ఒకటే దువ్వెన. దీనికి అడ్డంగా వరసలు వరసలుగా ఉన్నాయి.

“ఇది మన జాతి కాదు” అన్నారు మేడమ్. “బయటికి ఒకేలా ఉంటాయి. ఎప్పుడో, లక్షల ఏళ్ళ కిందట ఒకే ఇంటివి. ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఇప్పుడు దీనికీ మనవాటికీ పిల్లలు పుట్టరు.”

“అందుకా మేడమ్, మన ఆడవి తన్ని, తప్పుకుని పొమ్మన్నాయి!” అన్నాను. “వరసపెట్టి మూడు. నేను చూశాను.”

మేడమ్ నావైపు తిరిగారు. “పాట తేడా కదా మరి. మన భాష కాని భాషలో ప్రేమ కబుర్లు చెబితే ఎవరు వింటారు?”

ఆ గదిలో ఆ ఉదయం మొదటిసారి ముగ్గురం నవ్వాం. కళ్ళద్దాల పిల్ల అద్దాలు తీసి తుడుచుకుంది.

“మరి మనవి కూడా ఐదువందల తరాలుగా విడిగానే ఉన్నాయి కదా. బయటున్న సొంత జాతి ఈగ వస్తే దాన్నీ ఇలాగే తంతాయా?” అని అడిగాను. ధైర్యం వచ్చాక నాకు ప్రశ్నలు కూడా వస్తాయి.

“తన్నవు. ఐదువందల తరాలు మనకి ఎక్కువ. జాతులు విడిపోవడానికి అదొక లెక్కా? దూరపు చుట్టంతో మనకి భయం లేదమ్మా. కొంప ముంచేది దగ్గరి చుట్టమే.” ఆ మాట అన్నాక మేడమ్ ముఖంలో నవ్వు పోయింది. “వీడొక్కడే వచ్చాడా, వీడితోపాటు మన జాతిది కూడా ఒకటి వచ్చి, జతకట్టి, చచ్చి అడుగున పడి ఉందా అన్నదే తెలియాలి.”

పెట్టె అడుగున చచ్చిన ఈగలు అరవై డెబ్భై ఉన్నాయి. ఎండి ముడుచుకుపోయిన కన్ను ఎర్రదో గోధుమదో చెప్పడం నా వల్లే కాలేదు. ఇక చెప్పగలిగింది పుట్టబోయే పిల్లలే. గుడ్డు పురుగై, పురుగు గూడు కట్టి, ఈగై బయటపడడానికి పది రోజులు. మూడు గడిచాయి. ఇంకో వారం ఆగాలి.

“అసలు తలుపు ఎవరు తీశారు? ఎలా వచ్చింది?” అన్నారు మేడమ్.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి కోటు జేబు మీదికి పోయింది. నేను నోరు తెరిచేలోపు కళ్ళద్దాల పిల్ల అందుకుంది.

“నేనే మేడమ్. సోమవారం ట్రే పట్టుకొచ్చినప్పుడు బయటి తలుపు కాలితో నెట్టాను. సరిగ్గా పడిందో లేదో చూడలేదు.”

మేడమ్ తల ఊపి వెళ్ళిపోయారు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ నోరు మూసుకోవడం తలుచుకుంటే ఈ రోజుకీ నాకు సిగ్గేస్తుంది.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని వేళ్ళతో గీతలు గీస్తున్నాను. మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. మాటలు తక్కువ, ఉన్నవి కూడా సూటిగా వస్తాయి. జరిగింది చెప్పాను, అరటిపండుతో సహా.

“అయితే ఆ పిల్ల నెత్తిన పెట్టి వచ్చావన్నమాట” అన్నారు.

“నేను పెట్టలేదు. తనే పెట్టుకుంది.”

“దించలేదుగా?”

నేను కంచం పక్కకు జరిపాను.

“ఉద్యోగం పోతుందని భయమా?”

“ఉద్యోగం పోతే పోయింది. ఈగల దగ్గరికి రానివ్వకపోతే ఏం చెయ్యను?”

ఆయన భూతద్దం పెట్టెలో పెట్టి మూత వేశారు. “గడియారంలో నలుసు పడితే, నలుసు చిన్నదే కదా అని మూత పెట్టేస్తే నడుస్తుందిటే? చెప్పెయ్యి. తర్వాత ఏమైతే అదవుతుంది. ముందు తిను.”

శనివారం పొద్దున్నే వెళ్ళాను. కళ్ళద్దాల పిల్ల నా కంటే ముందే వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. తెర మీద మేడమ్‌కు రాస్తున్న ఉత్తరం. నా నిర్లక్ష్యం వల్ల, అని మొదలైంది. పరిశోధన ఇంతటితో విరమించుకుంటాను, అనేదాకా వచ్చింది.

“ఆపు” అన్నాను. “తలుపు పడింది. నీ వెనకే వచ్చి గడియ పెట్టింది నేను. ఆ రోజు గదిలో అరటిపండు తిన్నాను. చక్కెర పడిపోతే తిన్నాను. తొక్క జేబులో పెట్టుకుని తిరిగాను. పండును అంటిపెట్టుకుని ఎక్కడి ఈగలైనా లోపలికి వస్తాయని నాకు తెలుసు. నిన్నే చెప్పాల్సింది. మొన్ననే చెప్పాల్సింది.”

కౌగిలించుకుంటుందనీ, పోనీలే పిన్నీ అంటుందనీ ఏ మూలో ఒక ఆశ ఉండేదేమో నాకు. అలాంటిదేమీ జరగలేదు. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది.

“రెండు రాత్రులు నిద్ర లేదు నాకు. మా అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. నువ్వు పక్కనే నిలబడి విన్నావు కదా పిన్నీ, నేను మేడమ్‌తో చెప్పేటప్పుడు?”

“విన్నాను.”

“నాలుగేళ్ళు పిన్నీ!”

అంతే. ఉత్తరం తుడిచేసి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. కేకలేసినా బాగుండేది.

అక్కడినుంచి నేరుగా మేడమ్ గదికి వెళ్ళి అదే మాట మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడం కాస్త సులువవుతుందనుకున్నాను. కాలేదు.

“చక్కెర పడిపోతే బయటికి రావాలి కదమ్మా” అన్నారు.

“పని మధ్యలో ఉందండీ.”

“పని మధ్యలో నువ్వు పడిపోతే?” బల్ల మీది పుస్తకం మూశారు. “సరే. పిల్లలు పుట్టనీ. అప్పుడు మాట్లాడదాం.”

ఆ వారం ఎలా గడిచిందో నన్నడగకండి. కళ్ళద్దాల పిల్ల రోజూ వచ్చేది. నాతో మాట్లాడినవి మూడు మాటలు: జావ, దూది, తలుపు. పది సీసాలూ వరసగా బల్ల మీద పెట్టుకుని నేను గంటకోసారి చూసేదాన్ని. జావలో తెల్లటి పురుగులు కదిలాయి. బాగా తిన్నాయి. గాజు మీదికి పాకి గూళ్ళు కట్టాయి. ఆకలి తెలిసిన జాతి కదా, తిండి దొరికినప్పుడు కొవ్వు పట్టించుకోవడంలో మావాటిని మించినవి లేవు. మీలో తప్పేం లేదర్రా, తప్పంతా నాదే, అని వాటితో అన్నాను కూడా. గదిలో ఎవరూ లేనప్పుడే లెండి.

గురువారం ఉదయం మొదటి సీసాలో ఏడు ఈగలు బయటపడ్డాయి.

నేను సంచి ఇంకా కింద పెట్టలేదు. కళ్ళద్దాల పిల్ల అప్పటికే సీసా లైటుకు ఎదురుగా పట్టుకుని ఉంది. పాలిపోయిన ఒళ్ళు, ఇంకా విప్పుకోని రెక్కలు, దీపం వెలుగులో కళ్ళు మాత్రం ఎర్రెర్రగా.

“పోయింది” అంది. “పోయింది పిన్నీ, అన్నీ ఎరుపే.”

ఆ గొంతులో ఏడుపు లేదు, అదే నాకు భయం వేసింది. మా గదిలో ఒక పద్ధతి ఉంది. కలుషితమైన సీసాలు క్షణం ఉంచకూడదు, వేరే సీసాలకు పాకకముందే సబ్బునీళ్ళలో ముంచేయాలి. ఆ పిల్ల ట్రేలోకి పది సీసాలూ ఎత్తేసి తొట్టి దగ్గరికి నడిచింది. నేను అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను.

“ఆగు.”

“జరుగు పిన్నీ. పద్ధతి నువ్వే నేర్పావు.”

“నేనే చెబుతున్నాను, ఆగు. అది ఎరుపు కాదు, ఇటుక రంగు. మనవాటి కళ్ళు పుట్టగానే ఇలాగే ఉంటాయి. గంటలు గడిచేకొద్దీ ముదురుతాయి. నువ్వెప్పుడూ మూడు రోజులు నిండినవాటినే లెక్కపెట్టావు. పుట్టేటప్పుడు చూసేది నేనే కదా.”

“పుస్తకంలో నేనూ చదివాను. కానీ ఇంత ఎరుపా?”

నిజం చెప్పొద్దూ, నాకూ ఆ ఎరుపు కాస్త ఎక్కువనే అనిపించింది. భయపడ్డ కంటికి అన్నీ అలాగే కనిపిస్తాయి. అయినా గొంతు తొణకనివ్వలేదు. “సాయంత్రం నాలుగింటి దాకా ఆగు. అప్పటికీ ఇలాగే ఉంటే నేనే సబ్బునీళ్ళు కలిపి ఇస్తాను.”

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. అరటిపండు తిని నోరు మూసుకున్న మనిషిని నమ్మాలా వద్దా అని తూచుకుంటోందని నాకు తెలుసు. చివరికి ట్రే బల్ల మీద పెట్టింది. బల్లకు అటు తనూ ఇటు నేనూ కూర్చున్నాం, మధ్యలో సీసా. మధ్యాహ్నం మేడమ్ వచ్చి మూడో కుర్చీ లాక్కున్నారు.

పన్నెండింటికి ఏమీ తెలియలేదు. ఒంటిగంటకు రెక్కలు విప్పుకుని సీసా అంతా తిరిగాయి. రెండు దాటాక ఒకటి గాజు మీద, సరిగ్గా నా ముందు నిలబడింది. ఇటుకలో కాస్త మట్టి కలిసినట్టు కనిపించింది. నేను పైకి అనలేదు. అని, కాకపోతే? మూడింటికి కళ్ళద్దాల పిల్ల అద్దాలు పైకి నెట్టుకుని ముందుకు వంగింది. మూడున్నరకు మేడమ్ లేచి, ఒక ఈగను ఐసు మీద వేయించి, మైక్రోస్కోపులోకి చూశారు. ఈసారి ఆ వీపు తొందరగానే కదిలింది.

“గోధుమ” అన్నారు.

మిగిలిన ఆరూ చూశారు. ఆరూ గోధుమే.

ఏడు ఈగలతో పండగ చేసుకోకూడదని మాకు తెలుసు. శుక్రవారం నాలుగొందలు పైగా బయటపడ్డాయి. శనివారం ఎనిమిది వందలు. పుట్టినవాటిని విడిగా ఉంచి, రంగు ముదిరాక ఒక్కొక్కటే కుంచెతో పక్కకు జరుపుతూ చూశాం. కళ్ళద్దాల పిల్ల చూసినది నేను చూశాను, నేను చూసినది తను చూసింది. సోమవారం మధ్యాహ్నానికి గూళ్ళన్నీ ఖాళీ అయ్యాయి. మొత్తం రెండువేల నాలుగువందల పద్దెనిమిది. ఎర్ర కన్ను ఒక్కటంటే ఒక్కటి లేదు. అంటే లోపలికి వచ్చినవాడు ఆ పిచ్చి పాటగాడు ఒక్కడే, వాడి పాట వినిపించుకున్న ఆడది మా పెట్టెలో లేదు.

నేను కుంచె కింద పెట్టి గోడకు ఆనుకున్నాను. పదకొండు రోజులుగా ఛాతీ మీద కూర్చున్న బండ ఎవరో పక్కకు దొర్లించినట్టయింది. ఏడుపొచ్చింది. ఏడ్చాను. నాకిద్దరు పిల్లలు, ఇద్దరూ సుఖంగానే పుట్టారు. ఇంత హాయి నాకప్పుడు కూడా తెలియదు. ఈ మాట వాళ్ళకు చెప్పకండి.

మేడమ్ పెట్టె మీద పాత అంకె కొట్టేసి ఐదువందల పన్నెండు అని రాశారు. తర్వాత నావైపు తిరిగారు. మాట్లాడదాం అన్నారుగా, ఆ గడియ రానే వచ్చింది.

“నిన్ను ఈ గది నుంచి మార్చమని ఆఫీసుకి రాద్దామనుకున్నాను. కాగితం కూడా తీశాను” అన్నారు. “తప్పు చిన్నదేం కాదు. తిన్నదానికి కాదు నా బాధ, చెప్పనిదానికి.”

“ఔనండీ.”

“కానీ గురువారం నాడు ఇక్కడ ఇంకెవరున్నా ఆ సీసాలు పది గంటలకల్లా సబ్బునీళ్ళలో ఉండేవి. నేనున్నా అంతేనేమో. పుట్టిన గంటకి వాటి కళ్ళు ఎలా ఉంటాయో చూసి ఎన్నేళ్ళయిందో నాకు. ఇకనుంచి మార్పిడి రోజున ఇద్దరుండాలి. ఈ తరంలో సగం పక్క భవనంలో ఉంచాలి, మళ్ళీ ఒక్క పెట్టె మీద ప్రాణాలు పెట్టుకుని కూర్చోలేను. ఒంట్లో బాగోకపోతే పని ఆపి చెప్పాలి. ఈగలు ఆగుతాయి. ఆగడమే కదా వాటి పని?”

నేను తల ఊపాను. మేడమ్ మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది, ఎప్పటిలా నెమ్మదిగా.

గదిలో నేనూ కళ్ళద్దాల పిల్లా మిగిలాం. ఇద్దరం సీసాలు సర్దుతున్నాం. ఆ పిల్ల దూది బిరడాలు ఒక్కొక్కటే నొక్కి చూస్తోంది, అవసరం లేకపోయినా. తప్పు నాదేనని మళ్ళీ చెబుదామా అనుకున్నాను. ఒకసారి చెప్పినదాన్ని అస్తమానం చెబితే అది మళ్ళీ తన నెత్తిన పెట్టినట్టే అవుతుందని ఊరుకున్నాను. కోటు విప్పి మేకుకు తగిలించాను. తలుపు దాకా వెళ్ళాను.

“పిన్నీ.”

వెనక్కి తిరిగాను. తను నావైపు చూడడం లేదు, పెట్టె మీది అంకె చూస్తోంది.

“రేపు ఆకలి పరీక్ష మొదలుపెట్టాలి. ఎన్నింటికొద్దాం?”

“తొమ్మిదికి” అన్నాను.

“ఎనిమిదిన్నరకి రా. పని ఎక్కువుంది.” అద్దాలు సరిచేసుకుంది. “తిని రా.”

తినే వెళ్ళాను.